స్పీకర్ చిరిగిందా, పాటే అంతా?

ఈసారి ఉత్తరాల్లో సగానికి పైగా ఒక్క బ్యాండ్ మీదే వచ్చాయి. కొందరు కోపంగా రాశారు, కొందరు కొత్తగా వినడం మొదలుపెట్టి రాశారు. అందుకని మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి, ఈసారికి అమెరికా నల్లజాతి వాళ్ల బ్లూస్ సంగీతం మీద ఎదిగిన రాక్ బ్యాండ్ బ్లాక్ కీస్ కచేరీయే పెట్టేద్దాం.

ప్రశ్న: 'థిక్‌ఫ్రీక్‌నెస్' వచ్చిన 2003 నుంచి బ్లాక్ కీస్ వింటున్నాను. ఇద్దరు మనుషులు, ఒక గిటార్, ఒక డ్రమ్ సెట్, అంతే కదా ఈ బ్యాండ్ అంటే? 2025లో వచ్చిన 'నో రెయిన్, నో ఫ్లవర్స్' ఈమధ్యే విన్నాను. గిటార్ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. ఎటు చూసినా కీబోర్డులు, సన్నగొంతుతో పాడే ప్రేమ పాటలు, కాలు ఆడించే బీట్లు. పాత శబ్దం నమ్ముకున్న మమ్మల్ని మోసం చేశారనిపిస్తోంది. మీరేమంటారు?

జవాబు: ముందు నా పరువు తక్కువ పని ఒకటి చెప్పేస్తాను. 'థిక్‌ఫ్రీక్‌నెస్' మొదటిసారి పెట్టినప్పుడు గిటార్ బర్రుమంటూ వచ్చింది చూడండి, నా ఎడమ స్పీకర్ చిరిగిపోయిందనుకున్నాను. లేచి వెళ్లి, ముందున్న గుడ్డ ఊడదీసి, లోపలి కాగితం చుట్టూ వేలితో తడిమి చూశాను. చిల్లు లేదు. కుడిది విప్పాను. అదీ శుభ్రంగా ఉంది. ఈలోగా రెండో పాట కూడా అయిపోయింది. అప్పుడు గానీ అర్థం కాలేదు, చిరిగింది స్పీకర్ కాదు, పాటే అలా ఉందని. స్పీకర్ గుడ్డలు కిందే వదిలేసి మొదటి నుంచి మళ్లీ విన్నాను. కాబట్టి మీ బాధ నాకు తెలుసు.

కానీ మోసం అన్నారే, అక్కడే మనకి పేచీ.

ఆ గరుకు వాళ్లు పుట్టుకతో తెచ్చుకున్నది కాదు. ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ అనే ఊళ్లో, డ్రమ్మర్ ప్యాట్రిక్ కార్నీ ఇంటి బేస్‌మెంట్‌లో 2002 డిసెంబరులో ఆ ఆల్బమ్ దాదాపు అంతా ఒకే విడతలో, 14 గంటల్లో రికార్డయింది. అంత తొందర ఎందుకంటే, ఫ్యాట్ పోసమ్ అనే రికార్డుల కంపెనీ ఇచ్చిన కాస్త అడ్వాన్సూ అద్దెకి పోయింది. స్టూడియోకి పెట్టడానికి చేతిలో ఏమీ మిగల్లేదు. ఉన్నదల్లా టాస్కామ్ 388 అనే 1980ల నాటి యంత్రం. టేపు రికార్డరు, మిక్సరు రెండూ ఒకే పెట్టెలో ఉంటాయి. పావు అంగుళం టేపు మీద ఎనిమిది ట్రాకులు ఇరికిస్తుంది. అంటే ఒక్కో ట్రాకుకి దక్కే వెడల్పు మిల్లీమీటరు కూడా రాదు. అంత సన్నటి దారిలోకి బలమైన శబ్దం తోస్తే టేపు మోయలేదు. శబ్దం అంచులు నలిగిపోతాయి. డ్రమ్ దెబ్బ 'టక్' అనాల్సింది 'థప్' అంటుంది. గొంతు పక్కగదిలోంచి అరిచినట్టుంటుంది.

నా దగ్గర కూడా ఒకప్పుడు నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డరు ఉండేది. మీటరు ముల్లు ఎర్రగీత తాకితే చాలు, కంగారుపడి వాల్యూమ్ తగ్గించేవాణ్ణి. వీళ్లు ఏకంగా ఆ ఎర్రగీతలోనే కాపురం పెట్టారు.

నేను చెప్పొచ్చేదేమిటంటే, మీరూ నేనూ మోజుపడ్డ ఆ శబ్దం సగం వాళ్లది, సగం ఆ గదిది, ఆ డబ్బాది, ఆ లేమిది. వీళ్ల ప్రతి ఆల్బమ్‌కీ ఒక చిరునామా ఉంటుంది. చిరునామా మారినప్పుడల్లా శబ్దం మారింది. 2004లో 'రబ్బర్ ఫ్యాక్టరీ' వచ్చింది. ఆ పేరు ఏదో అందంగా ఉంటుందని పెట్టింది కాదు. ఆక్రన్ అంటే టైర్ల ఊరు. గుడ్‌ఇయర్, ఫైర్‌స్టోన్ లాంటి కంపెనీలు అక్కడ పెరిగాయి. మూతబడ్డ ఒక టైర్ల ఫ్యాక్టరీలో చోటు తీసుకుని నిజంగానే అక్కడ రికార్డు చేశారు. బేస్‌మెంట్‌లో గోడలు మీద పడుతున్నట్టుండే డ్రమ్ములు ఇక్కడికొచ్చేసరికి కాస్త ఊపిరి తీసుకుంటాయి. రెండూ వెంటవెంటనే వినండి, తేడా మీకే దొరుకుతుంది.

2008లో 'అటాక్ అండ్ రిలీజ్'. మొదటిసారి సరైన స్టూడియో, మొదటిసారి బయటి నిర్మాత. ఆయన డేంజర్ మౌస్. అసలు ఆ పాటలు మొదలైంది పాతతరం రాక్ సంగీతకారుడు ఐక్ టర్నర్ కోసం రాయమని ఆయన అడిగితే. 2007 డిసెంబరులో టర్నర్ పోయాడు, పాటలు వీళ్ల దగ్గరే మిగిలాయి. వేణువు, ఆర్గన్, బాంజో లాంటివి వచ్చి చేరాయి. మీరు ఇప్పుడు రాసిన ఉత్తరమే అప్పుడూ చాలామంది రాశారు. నేను కూడా ఒక స్నేహితుడితో "అయిపోయింది వీళ్ల పని" అన్నాను. వాడు ఇప్పటికీ గుర్తుచేస్తుంటాడు.

తర్వాత 2010లో 'బ్రదర్స్'. అలబామా రాష్ట్రంలో 3614 జాక్సన్ హైవే అనే చిరునామాలో మజిల్ షోల్స్ సౌండ్ స్టూడియో ఉంది. 1969లో రోలింగ్ స్టోన్స్ పాడిన గది అది. వీళ్లు వెళ్లేనాటికి రికార్డింగుల హడావుడి ఎప్పుడో సద్దుమణిగింది, సామాన్లు తామే తెచ్చుకోవాల్సి వచ్చింది. అక్కడ పుట్టిన ఆల్బమే వాళ్లని చిన్న క్లబ్బుల నుంచి పెద్ద హాళ్ల దాకా తీసుకెళ్లింది. గ్రామీలూ వచ్చాయి.

అయితే మీకు చూపించాలనుకున్నది ఆ ఆల్బమ్ అట్ట. బొమ్మేమీ ఉండదు. 'ఇది బ్లాక్ కీస్ ఆల్బమ్. ఈ ఆల్బమ్ పేరు బ్రదర్స్' అని రెండు ముక్కలు, అంతే. అది ఒక పాత అట్ట మీద వేసిన చతురు. 1969లో హౌలిన్ వుల్ఫ్ చేత, అప్పటికే అరవైకి దగ్గరపడ్డ మహా బ్లూస్ గాయకుడి చేత, కంపెనీ వాళ్లు అప్పటి కుర్రకారు మత్తెక్కి వినే రకం రాక్ వాద్యాలతో ఒక ఆల్బమ్ చేయించారు. దాని అట్ట మీద ఏం అచ్చేశారో తెలుసా? 'ఇది హౌలిన్ వుల్ఫ్ కొత్త ఆల్బమ్. ఆయనకిది నచ్చలేదు. మొదట్లో ఆయనకి ఎలక్ట్రిక్ గిటారూ నచ్చలేదు.'

మీ ఉత్తరం, దానికి జవాబు, రెండూ ఆ మూడు వాక్యాల్లో ఉన్నాయి. దానికి ఒక ఏడాది ముందు అదే కుటుంబానికి చెందిన కంపెనీ మరో బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్‌తోనూ 'ఎలక్ట్రిక్ మడ్' అని ఇలాంటిదే చేయించింది. నిప్పులు చెరిగారు విమర్శకులు, అసలైన బ్లూస్ పాడైపోయిందని. ఏది అసలైనది? మడ్డీ వాటర్స్ 1943లో మిసిసిపీ నుంచి చికాగో వెళ్లాడు. క్లబ్బుల గోలలో మామూలు గిటార్ వినబడక కరెంటు గిటార్ పట్టాడు. మనం పాతది, స్వచ్ఛమైనది అనుకునేది కూడా అప్పటికి కొత్త ఊరూ కొత్త అవసరమూ నేర్పిన శబ్దమే.

మధ్యలో ఉన్నవాటిని గబగబా దాటేస్తాను. 2011 నాటి 'ఎల్ కమీనో' నాష్‌విల్‌లో, ఈ ఇద్దరిలో గిటార్ వాయిస్తూ పాడే డాన్ ఆవర్‌బాక్ సొంత స్టూడియో ఈజీ ఐ సౌండ్‌లో చేశారు. పేరు ఒక కారుది, అట్ట మీద ఉన్నది మాత్రం మినీవ్యాన్. 2014 నాటి 'టర్న్ బ్లూ' దిగులు ఆల్బమ్, అమెరికా చార్టులో వాళ్లకి మొదటి నంబర్ వన్ అదే. తర్వాత ఐదేళ్లు కొత్త ఆల్బమ్ లేదు. 2019లో 'లెట్స్ రాక్'తో మళ్లీ ఇద్దరే నిర్మాతలుగా, గిటార్ ముందు పెట్టుకుని వచ్చారు. 2024లో 'ఒహాయో ప్లేయర్స్'కి బెక్, నోయెల్ గల్లఘర్ అనే గాయకుల్ని పిలిచి కలిసి పాటలు కట్టారు. ఆ ఆల్బమ్ మీద పెట్టుకున్న ఉత్తర అమెరికా పెద్ద హాళ్ల పర్యటన మొత్తం రద్దయింది. మేనేజర్లతో తెగతెంపులయ్యాయి.

మీరు తిట్టిన ఆల్బమ్ ఆ దెబ్బ తర్వాత వచ్చింది. వాన లేనిదే పువ్వులు లేవు అన్న పేరు ఊరికే పెట్టలేదు. పక్కన కూర్చుని రాసింది ఎవరో చూడండి. గాయని లానా డెల్ రేతో పాటలు రాసిన రిక్ నోవెల్స్. గాయని కేసీ మస్‌గ్రేవ్స్ ఆల్బమ్ 'గోల్డెన్ అవర్' నిర్మాతల్లో ఒకడైన డానియల్ తాషియన్. ర్యాపర్ డాక్టర్ డ్రే పాట 'స్టిల్ డి.ఆర్.ఇ.'లో టంగుటంగుమనే ఆ పియానో వాయించిన స్కాట్ స్టోర్చ్. ముగ్గురూ రాగం కట్టే మనుషులు. స్టోర్చ్ అయితే పక్కా కీబోర్డు మనిషి. అలాంటివాళ్లని గదిలోకి పిలిచి కూర్చోబెట్టాక గిటార్ ఒక అడుగు వెనక్కి వేయక తప్పుతుందా?

ఇక నా తీర్పు. మీ ఫిర్యాదు సరైనదే, కారణం మాత్రం అది కాదు. కీబోర్డులు వచ్చినందుకు నాకు బాధ లేదు. ఈ ఇద్దరి మధ్య ఒక సడలిన తాళం ఉంది, కార్నీ డ్రమ్ములు ఎక్కడా నేర్చుకోకుండానే వాయించడం మొదలుపెట్టినవాడు. అతని దెబ్బ గడియారాన్ని పట్టుకుని నడవదు, ఆవర్‌బాక్ కుడిచేతిని చూసి నడుస్తుంది. గిటార్ తొందరపడితే తనూ తొందరపడతాడు, అది సాగదీస్తే తనూ బద్ధకిస్తాడు. కొత్త ఆల్బమ్‌లో కొన్ని పాటల్లో ఆ బద్ధకాన్ని ఇస్త్రీ చేసేశారు. అంతా చక్కగా, ఎక్కడి ముక్క అక్కడ సర్దేసినట్టు ఉంటుంది. అక్కడే నాకూ ఆవలింత వచ్చింది. ఏడో పాట 'మ్యాన్ ఆన్ ఎ మిషన్'లో గిటార్ ఒళ్లు విరుచుకుని ముందుకు వస్తే మాత్రం ప్రాణం లేచొచ్చింది.

ఒక పని చేయండి. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, గొంతు, గిటార్, కీబోర్డు అన్నీ వదిలేసి, టక్కుమని మోగే స్నేర్ డ్రమ్ ఒక్కదాన్నే పట్టుకుని పాట చివరిదాకా వినండి. మొదట 2003 నాటి పాట ఒకటి, తర్వాత కొత్తది ఒకటి. ఏ పాటలో ఆ దెబ్బ ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతుందో, ఆ పాట మీకు నచ్చి తీరుతుంది, అందులో ఎన్ని కీబోర్డులున్నా సరే. నచ్చకపోతే మళ్లీ రాయండి, పోట్లాడుకుందాం.

ప్రశ్న: మిసిసిపీ నల్లజాతి రైతుకూలీల సంగీతం తీసుకుని ఇద్దరు తెల్ల కుర్రాళ్లు పేరూ డబ్బూ సంపాదించారు. దీన్ని దొంగతనం అనకుండా 'ప్రభావం' అని మర్యాదగా పిలుస్తున్నారు మీలాంటి వాళ్లు. కాదంటారా?

జవాబు: మీలాంటి వాళ్లు అన్నమాట కొంచెం గుచ్చుకుంది గానీ, ప్రశ్న న్యాయమైనదే. సూటిగా మాట్లాడుకుందాం.

వీళ్లు ఎవరి దగ్గర నేర్చుకున్నారో ముందు చెబుతాను. ఉత్తర మిసిసిపీ కొండ ప్రాంతంలో ఒక రకం బ్లూస్ ఉంది. మనం మామూలుగా వినే బ్లూస్‌లో పన్నెండు కొలతల చక్రం తిరుగుతూ మూడు కార్డులు (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించే గుత్తులు) మారుతుంటాయి. ఈ కొండ బ్లూస్‌లో చాలాసార్లు కార్డు మారదు. ఒక్కదాని మీదే నిలబడి, ఒకటే వరస తిప్పి తిప్పి వాయిస్తారు. మూడో నిమిషానికి విసుగొస్తుంది, ఐదో నిమిషానికి తల ఊగడం మొదలవుతుంది. అందులో ఇద్దరు పెద్దలు జూనియర్ కింబ్రో, ఆర్.ఎల్. బర్న్‌సైడ్. కింబ్రోకి చులహోమా అనే చోట సొంత జూక్ జాయింట్ ఉండేది. అంటే పాట, ఆట, తాగుడు అన్నీ ఒకే కప్పు కింద. 1992లో 'ఆల్ నైట్ లాంగ్' వచ్చేసరికి ఆయనకి 62 ఏళ్లు. ఆరేళ్లకే, 1998లో పోయాడు. రెండేళ్ల తర్వాత ఆ జాయింట్ కూడా కాలిపోయింది.

బ్లాక్ కీస్ 2006లో 'చులహోమా' అని పేరు పెట్టి, పూర్తిగా కింబ్రో పాటలే పాడి ఒక చిన్న రికార్డు వేశారు. చివర్లో కింబ్రో భార్య ఫోన్‌లో వదిలిన సందేశం వినిపిస్తుంది. 2021లో 'డెల్టా క్రీమ్' చేశారు. అదీ ఆ కొండ పాటలే. ఆ గదిలోకి కెన్నీ బ్రౌన్‌ని, ఎరిక్ డీటన్‌ని పిలిచారు. బ్రౌన్ ఏళ్ల తరబడి బర్న్‌సైడ్ పక్కన గిటార్ వాయించినవాడు. డీటన్ కింబ్రో దగ్గర బేస్ వాయించినవాడు.

పేరు చెప్పి పాడటం, పేరు దాచి పాడటం ఒకటి కాదు. రాక్ చరిత్రలో రెండో రకం చాలానే జరిగింది. బ్లూస్ రచయిత విల్లీ డిక్సన్ తన పాట వాడుకున్నారని లెడ్ జెప్పెలిన్ బ్యాండ్ మీద 1985లో కేసు వేయాల్సి వచ్చింది, రెండేళ్లకి రాజీ అయింది. ఆ లెక్కన వీళ్లు మర్యాదగానే ఉన్నారని నా అభిప్రాయం.

అలాగని మీ ప్రశ్నకి పూర్తి జవాబు దొరికిందని నేను అనను. కింబ్రో తన జీవితంలో ఎక్కువ భాగం ఆ చుట్టుపక్కలే వాయించాడు. అదే వరసలు వాయించిన ఇద్దరు ఒహాయో కుర్రాళ్లు వేలమంది ముందు నిలబడ్డారు. అందులో వాళ్ల కష్టం ఎంతో, వాళ్ల చర్మం రంగు ఎంతో ఎవరూ తూకం వేసి చెప్పలేరు. కానీ రెండోది సున్నా అని మాత్రం నేను చెప్పలేను.

ఒక్క సంగతి మాత్రం పై ఉత్తరం రాసినవారు కూడా వినాలి. 1998లో, బర్న్‌సైడ్ డెబ్బై దాటాక, ఆయన గిటార్‌నీ గొంతునీ ముక్కలు చేసి, మళ్లీ మళ్లీ తిరిగే డ్రమ్ లూపుల మీద అతికించి 'కమ్ ఆన్ ఇన్' అనే ఆల్బమ్ తెచ్చారు. కంప్యూటర్ బీట్ల మీద కొండ బ్లూస్. తాత మొహం తిప్పేసుకుంటాడని అనుకుంటాం కదా. ఆ ఆల్బమ్ ఆయన్ని అంతకుముందు ఎప్పుడూ వినని జనం దాకా తీసుకెళ్లింది. ఒకే కార్డు మీద గంటలు గడిపే సంగీతానికీ ఒకే లూపు మీద తిరిగే బీట్‌కీ పెద్ద దూరం లేదు మరి. స్వచ్ఛత గురించి ఎక్కువగా బాధపడేది వాయించేవాళ్లు కాదు, మనలాంటి వినేవాళ్లమేనేమో అని నాకు అప్పుడప్పుడూ అనుమానం.

ప్రశ్న: గిటార్ నేర్చుకుని రెండేళ్లయింది. పాత బ్లాక్ కీస్ శబ్దం కోసం ఒక ఫజ్ పెడల్ కొన్నాను. నేను వాయిస్తే తేనెటీగల తుట్టె మీద రాయి పడ్డట్టుంది. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

జవాబు: పెడల్ మీద నాబ్‌లన్నీ చివరిదాకా తిప్పేసి ఉంటారు. నేనూ అదే చేశాను.

ఫజ్ చేసే పని ఒక్కటే. తీగ కదిలితే శబ్దం అలలా పైకీ కిందికీ వెళ్తుంది. ఆ అల నెత్తినీ అడుగునీ కోసేసి చదును చేస్తుంది. నెత్తి కోసిన అల చెవికి గరగరమని తగులుతుంది. ఒక్క తీగ మీటితే ఆ గరగర అందంగా ఉంటుంది. ఆరు తీగలు ఒక్కసారి గీస్తే ఆరు అలలూ ఒకదానిమీదొకటి పడి కోతకి గురవుతాయి. అదే మీ తేనెటీగల తుట్టె. కాబట్టి ఫజ్ వేసినప్పుడు నిండు కార్డులు మానేయండి. ఒకటి, రెండు తీగలతోనే పని కానివ్వండి. పాత పాటల్లో ఆవర్‌బాక్ చేసేది చాలావరకు అదే. బ్యాండ్‌లో బేస్ వాయించే మనిషి లేడు కాబట్టి కింది లావు తీగల మీద బొటనవేలు బేస్ పని చూసుకుంటుంది, పై తీగల మీద మిగతా వేళ్లు పాటకి బదులు చెబుతుంటాయి. ఒక చెయ్యి రెండు ఉద్యోగాలు చేస్తోంది.

రెండోది, గిటార్ మీదున్న వాల్యూమ్ నాబ్. దాన్ని చాలామంది ఎప్పుడూ పదిలోనే ఉంచేస్తారు. ఫజ్ వేసి, ఆ నాబ్‌ని ఏడుకి తగ్గించి చూడండి. గరుకు కాస్త మెత్తబడి, వేలి గట్టిదనం బట్టి మారడం మొదలవుతుంది. నెమ్మదిగా మీటితే దాదాపు శుభ్రంగా, గట్టిగా మీటితే బర్రుమని. అప్పుడు పెడల్ మీ మాట విన్నట్టు.

సామాన్ల విషయానికొస్తే ఆవర్‌బాక్ రష్యాలో తయారైన ఆకుపచ్చ బిగ్ మఫ్ అనే ఫజ్ పెడల్ వాడినవాడు. గిటార్లు హార్మనీ, సుప్రో లాంటి పాతవి. వాటిలో చాలావరకు ఒకప్పుడు అమెరికాలో మొదటి గిటార్ కొనే పిల్లలకి అమ్మిన చవక సరుకు. ఇప్పుడు ఆ పాతవాటికే ధరలు పెరిగి కూర్చున్నాయి, దానికి ఈ బ్యాండ్ కూడా కొంత కారణం. మీరు వాటి వెంట పడకండి. చిన్న యాంప్ ఒకటి తీసుకుని, అది ఆయాసపడేదాకా వాల్యూమ్ పెంచండి. పెద్ద యాంప్‌ని తక్కువలో వాయిస్తే ఆ ఆయాసం రాదు.

అన్నిటికంటే ముందు పెడల్ తీసేయండి ఒక వారం. ఒకే ఒక్క కార్డు పట్టుకుని, కాలితో తాళం వేస్తూ, పది నిమిషాలు ఆపకుండా వాయించండి. నేను మొదటిసారి ప్రయత్నించినప్పుడు మూడో నిమిషంలోనే చెయ్యి దానంతటదే వేరే కార్డుకి వెళ్లిపోయింది. కుర్చీలో కుదురుగా కూర్చోలేని పిల్లాడిలాగ. వెళ్లనివ్వకండి. పదో నిమిషంలో ఆ ఒక్క వరసలోనే మీకు కొత్త సందులు కనబడతాయి. అప్పుడు పెడల్ పెట్టుకోండి.

ప్రశ్న: నాకు 19 ఏళ్లు. 'లోన్లీ బాయ్' తప్ప వీళ్లవి ఏమీ వినలేదు. డజను పైగా ఆల్బమ్‌లు చూస్తే టెన్షన్ వస్తోంది. మొదటి నుంచి వరసగా వినాలా?

జవాబు: వద్దు. వరసగా వింటే మూడో ఆల్బమ్ దగ్గర వదిలేస్తారు. 'బ్రదర్స్'తో మొదలుపెట్టండి, రాత్రిపూట. అది నడిమిట్ట మీద ఉంది, అక్కణ్నుంచి రెండు వైపులా కనబడుతుంది. అందులో గరుకు మీకు నచ్చితే వెనక్కి నడిచి 'రబ్బర్ ఫ్యాక్టరీ'కి, అక్కణ్నుంచి బేస్‌మెంట్‌కి వెళ్లండి. రాగాలూ ఆర్గనూ నచ్చితే ముందుకెళ్లి 'టర్న్ బ్లూ' వినండి. దాని మొదటి పాట దాదాపు ఏడు నిమిషాలుంటుంది, దాటవేయకండి. 'మ్యాజిక్ పోషన్' ఆల్బమ్ ఆఖరికి దాచుకోండి. చెడ్డదని కాదు, అంతకుముందు చేసినదాన్నే మళ్లీ చేసినట్టుంటుంది నాకు. మార్పు వద్దనేవాళ్లు ఒకసారి దాన్ని వినాలి.

ప్రశ్న: బ్లాక్ కీస్ అంటే పియానో మీద నల్లమెట్లేనా? గిటార్ బ్యాండ్‌కి ఆ పేరేమిటి?

జవాబు: ఆ మెట్లే, కానీ పియానో వల్ల వచ్చింది కాదు. ఆక్రన్‌లో ఆల్‌ఫ్రెడ్ మెక్‌మోర్ అనే చిత్రకారుడు ఉండేవాడు. స్కిజోఫ్రేనియాతో బాధపడేవాడు. పొడవాటి కాగితపు చుట్టల మీద బొమ్మలు గీసేవాడు. ఈ ఇద్దరి కుటుంబాలకీ ఆయన తెలుసు. ఎవరి మీదైనా కోపం వస్తే ఫోన్‌లో సందేశం వదిలి, 'నువ్వొక నల్లమెట్టువి', 'డి ఫ్లాట్' అని తిట్టేవాడట. అంటే శ్రుతి కుదరని మనిషివని. ఆ తిట్టునే వీళ్లు పేరుగా పెట్టుకున్నారు. 2001లో బ్యాండ్ మొదలైన తీరూ అంతే. ఆవర్‌బాక్ వేరే కుర్రాళ్లతో కలిసి కార్నీ బేస్‌మెంట్‌లో పాట రికార్డు చేసుకోవాలి. ఆ రోజు మిగతావాళ్లు రాలేదు. ఉన్న ఇద్దరే వాయించుకున్నారు.

ప్రశ్న: వాళ్లు మళ్లీ ఆ బేస్‌మెంట్‌కి వెళ్లి, పాత యంత్రం మీద ఒక్క ఆల్బమ్ చేస్తే ఎంత బాగుంటుంది! జరుగుతుందంటారా?

జవాబు: బేస్‌మెంట్ సంగతి నేను చెప్పలేను గానీ, మీరు కోరుకుంటున్నది ఒకసారి జరిగింది. మీరు గమనించినట్టు లేరు. పైన చెప్పిన 'డెల్టా క్రీమ్' ఉంది కదా, అది నాష్‌విల్‌లో అన్ని హంగులూ ఉన్న సొంత స్టూడియోలోనే చేశారు. రెండు మధ్యాహ్నాలు, మొత్తం కలిపి దాదాపు 10 గంటలు. బేస్‌మెంట్ ఆల్బమ్‌కి పట్టిన 14 గంటల కంటే తక్కువ. నలుగురు గుండ్రంగా కూర్చుని వాయిస్తున్నట్టే వినబడుతుంది. కాకపోతే ఈసారి టేపు నలగలేదు, అద్దె బాకీ లేదు, ఎవరికీ తొందర లేదు. 'థిక్‌ఫ్రీక్‌నెస్' పక్కన పెట్టి వినండి. ఏది ఎక్కువ నచ్చిందో ఒక కార్డు ముక్క రాసి పడేయండి. నాకైతే రోజుకొకటి నచ్చుతోంది.